పూజ చేసిన పిస్టల్

మా ఆయన పిస్టల్ గురించి మాట్లాడటం మొదలుపెడితే ఆపడం నా వల్ల కాదు, ఆ బ్రహ్మదేవుడి వల్లా కాదు. కందిపప్పు ధర అడిగితే ఒక్క ముక్కలో చెప్పి పంపే మనిషి, పిస్టల్ సంగతి అడిగితే మాత్రం కుర్చీ లాక్కుని కూర్చునేవారు. జగ్గయ్యపేట బజార్లో మాది పప్పులు, ఎండుమిర్చి హోల్‌సేల్ కొట్టు. రామకోటేశ్వరరావుగారి కొట్టంటే అటు వత్సవాయి దాకా, ఇటు నందిగామ దాకా తెలియని వ్యాపారి లేడు. అలాంటిది పోనుపోను కొట్టు పేరు వెనక్కి పోయి 'పిస్టల్ మాస్టారు' అనే పేరు ముందుకొచ్చింది. అలా పిలిచినవాళ్ళని విసుక్కోకపోగా మీసం దువ్వుకునేవారు. నాకైతే ఒళ్ళు మండేది.

ఆ పిస్టల్ మా ఇంటికి తొంభై ఆరులో వచ్చింది. అంతకుముందు ఏడు గుంటూరు మిర్చియార్డు నుంచి డబ్బుతో వస్తున్న సాటి వ్యాపారిని పరిటాల దగ్గర దొంగలు కారాపి చావగొట్టారు. ఆ భయంతో మా ఆయన లైసెన్సుకి అర్జీ పెట్టారు. చందర్లపాడులో జగన్నాథరావుగారనే పెద్ద రైతు ఉండేవారు. వాళ్ళ నాన్నగారు తెల్లదొరల కాలంలో కొన్న పిస్టల్ ఆయన అమ్మేస్తున్నారని తెలిసి, కాయితాలన్నీ చేయించుకుని మా ఆయన తెచ్చుకున్నారు. నల్లగా, బల్లపరుపుగా, చూడటానికి చిన్నదే గానీ చేతిలోకి తీసుకుంటే బరువు తెలిసేది. దానికి ఒక టేకు పెట్టె, లోపల ఆకుపచ్చ మఖమల్ గుడ్డ. కొత్త పెళ్ళికూతుర్ని తెచ్చినట్టు తెచ్చారు.

జగన్నాథరావుగారు అమ్మేసి చేతులు దులుపుకునే రకం కాదు. మా ఆయన్ని ఎదురుగా కూర్చోబెట్టి, చిన్నపిల్లాడికి ఎక్కాలు నేర్పినట్టు నేర్పారు. ఆ రోజు నేనూ పక్కనే ఉన్నాను కాబట్టి ఆ పాఠం నాకూ వచ్చు. పిడిలోకి దూర్చే తూటాల అరని మేగజైన్ అంటారు. పైన ముందుకీ వెనక్కీ జారే ఇనప తొడుగు స్లైడు. దాన్ని వెనక్కి లాగి వదిలితే మేగజైన్‌లోంచి ఒక తూటా పైకొచ్చి గొట్టం మొదట్లో కూర్చుంటుంది. ఒకసారి అక్కడికెక్కిన తూటాకి మేగజైన్‌తో ఇక పని లేదు.

"కోటేశ్వరరావుగారూ, ఇదొక్కటి మర్చిపోకండి," అన్నారు జగన్నాథరావుగారు. "ముందు మేగజైన్ దించండి. అక్కడితో ఖాళీ అయిందనుకోవద్దు. తర్వాత స్లైడు లాగి, గొట్టంలో ఇంకోటి కూర్చునుందేమో కళ్ళతో చూడండి. కళ్ళు చాలకపోతే చిటికెనవేలు పెట్టి చూడండి. చూడకుండా ఖాళీ అన్నమాట నోట్లోంచి రానివ్వకండి."

మిగతావి కూడా చెప్పారు. ఖాళీదైనా సరే మనిషి వైపు తిప్పకూడదు. కాల్చబోయే క్షణం దాకా వేలు ట్రిగ్గరు మీదికి పోకూడదు. ఎవరి చేతికైనా ఇచ్చేటప్పుడు స్లైడు వెనక్కి లాగి, గొట్టం తెరిచి చూపించి ఇవ్వాలి. చేతి చెమట తగిలితే తుప్పు పడుతుంది కాబట్టి ముట్టుకున్న ప్రతిసారీ మెత్తటి గుడ్డతో తుడవాలి. కుట్టుమిషను నూనె ఒక చుక్క చాలు, కొబ్బరినూనె రాస్తే జిగురుకట్టి పాడవుతుంది. పాత స్ప్రింగులు అలిసిపోతాయి, మేగజైన్‌ని ఏడాది పొడుగునా తూటాలతో బిగించి ఉంచకూడదు. మా ఆయన అన్నీ బుర్రకెక్కించుకున్నారు.

తర్వాత్తర్వాత ఆ పాఠం ఊళ్ళో వాళ్ళకి చెప్పడం మొదలుపెట్టారు. చుట్టుపక్కల పాత పిస్టళ్ళున్న మిల్లర్లు, కాంట్రాక్టర్లు మా కొట్టుకొచ్చి సందేహాలడిగేవారు. ఒకాయన తన పిస్టల్‌ని దిండు కింద పెట్టుకుంటానన్నాడని ఆయన్ని అందరి ముందూ కడిగిపారేశారు. ఇంకొకాయన స్లైడు లాగి చూపించకుండా చేతికిస్తే ముట్టుకోనన్నారు. పాఠంలో ఒక్క ముక్క కూడా తప్పు చెప్పలేదు, ఆ మాట ఒప్పుకోవాలి.

పిస్టల్ వచ్చిన ఏడే జీవరత్నం మా అంబాసిడర్‌కి డ్రైవరుగా వచ్చాడు. మిర్చియార్డు ప్రయాణాలన్నీ వాడితోనే. వాడు ఉన్నాడంటే మా ఆయన కార్లో నిశ్చింతగా నిద్రపోయేవారు. ఎవరైనా వాణ్ణి మెచ్చుకుంటే, "జీవరత్నం మా ఇంట్లో మనిషండీ," అనేవారు. పెళ్ళిళ్ళల్లో అన్నారు, కొట్లో అన్నారు, వాడి ఎదుటే అన్నారు. వాడు తల వంచుకుని నవ్వేవాడు. సాయంత్రం కారు షెడ్డులో పెట్టి, తాళాలు వరండా కిటికీలో ఉంచి పోయేవాడు. కాఫీ అక్కడికే పంపేదాన్ని. మా అత్తగారు ఆండాళమ్మగారి మడి సంగతి ఈ వీధి మొత్తానికీ తెలుసు, వాడికీ తెలుసు. మెట్ల కింద చెప్పులు విడిచి వరండా స్తంభం దగ్గర నిలబడటమే తప్ప, ఆ గడప దాటి వాడెప్పుడూ లోపలికి రాలేదు. మేమూ రమ్మనలేదు.

రెండువేల మూడు దసరాకి పిస్టల్‌ని పూజలో పెట్టారు. ఏటా పెట్టేదే. కొట్లో కాటాకి, గల్లాపెట్టెకి, కారుకి, నా కుట్టుమిషనుకి, అన్నిటితో పాటు దీనికీ పసుపు కుంకాలు. మా ఆయన మాత్రం పిస్టల్‌ని ఖాళీ చేసి, లోపలికి పసుపు పోకుండా పట్టుగుడ్డ చుట్టి, గుడ్డమీదే బొట్టు పెట్టనిచ్చేవారు. ఆ ఏడు అత్తగారు అడ్డం తిరిగారు. రెండేళ్ళుగా వ్యాపారం దెబ్బతింటోందని ఆవిడ మనసులో దిగులుంది. గల్లాపెట్టెని ఖాళీగా పూజలో పెడతామా, బియ్యం డబ్బా ఖాళీగా పెడతామా, ఆయుధాన్ని మాత్రం ఒట్టిది చేసి అమ్మవారి ముందు పెడుతున్నావు, అందుకే ఇంట్లో ఏదీ నిలవడం లేదని పట్టుబట్టారు. మా ఆయన కాసేపు వాదించి, పండగపూట తల్లితో గొడవెందుకని తూటాలు తీశారు. ఆవిడ ప్రతి తూటాకీ ఒంటికి పసుపు రాసి బొట్టు పెట్టారు. కొన గుండ్రంగా ఉంది, బొట్టు నిలవదు, అడుగు చదునుగా ఉందని అడుగున కుంకుమ అద్దారు. మా ఆయన వాటిని మేగజైన్‌లో నింపి, మేగజైన్‌ని పిడిలోకి తోశారు.

హారతి అయ్యాక మా ఇంట్లో ఇంకో పద్ధతుంది. పూజ చేసిన ప్రతి పనిముట్టునీ ఒకసారి ఆడించాలి. లేకపోతే ఆ ఏడంతా అది మూలపడుతుందని మా వాళ్ళ నమ్మకం. కాటాలో శేరు బియ్యం తూచి దించుతాం. కారు నిమ్మకాయల మీదుగా నాలుగడుగులు కదులుతుంది. నేను మిషను మీద రెండు కుట్లు వేస్తాను. అత్తగారు పిస్టల్ వైపు చూపించి, దీన్ని కూడా ఆడించరా అన్నారు. మా ఆయన స్లైడు వెనక్కి లాగి వదిలారు. టకామని చప్పుడొచ్చింది. ఆవిడకి తృప్తి కలిగింది. అప్పటికే జమ్మి ఆకు ఇవ్వడానికి బజారు వాళ్ళంతా వరండాలో కూర్చున్నారు. ఆయన ట్రిగ్గరు కదలకుండా పట్టే సేఫ్టీ మీట వేసి, మేగజైన్ దించి, పూజ గది బీరువా పై అరలో పెట్టారు. పిస్టల్‌ని గబగబా తుడిచి టేకు పెట్టెలో సర్ది, ఆ పెట్టెనీ బీరువాలోనే పెట్టారు. బీరువా తాళం నా బొడ్లో ఎప్పుడూ ఉండేదే, నేను వేశాను. ఆ తర్వాత మిర్చి సీజను ముంచుకొచ్చింది. ఆయనకి ఆ పెట్టె తెరిచే తీరిక దొరకలేదు.

మార్చిలో ఎన్నికల హడావుడి మొదలైంది. లైసెన్సు ఆయుధాలన్నీ స్టేషన్లో అప్పగించాలని కబురొచ్చింది. అప్పుడే నందిగామ నుంచి కొందరు మిల్లర్లు ఫోను చేశారు. నెలల తరబడి స్టేషన్లో పడి ఉంటాయి కదా, పాత పిస్టళ్ళని ఎలా ఖాళీ చేయాలో, ఎంత నూనె వేసి అప్పగించాలో తమ సంఘం హాల్లోకి వచ్చి ఒక పూట చెప్పమన్నారు. ఇక మా ఆయన సంబరం చూడాలి. ఇస్త్రీ చొక్కా, అత్తరు, కొత్త కండువా. మా చెల్లెలుండేది నందిగామలోనే కాబట్టి నేనూ బయల్దేరాను. బీరువా తీసి పెట్టె ఇచ్చింది నేనే. వరండాలో జీవరత్నం అందుకున్నాడు. పాఠానికి తూటాలు అక్కర్లేదని ఆయన మేగజైన్‌ని బీరువాలోనే ఉంచేశారు.

హాల్లో పాతికమంది దాకా ఉన్నారు. నేను వెనక వరసలో కూర్చున్నాను. ఆయన పెట్టెలోంచి పిస్టల్ తీసుకుని, పెట్టె జీవరత్నం చేతికిచ్చారు. వాడు దాన్ని గుండెలకి హత్తుకుని గుమ్మం పక్కన నిలబడ్డాడు. ఆయన పాఠం ఎత్తుకున్నారు. తుప్పు సంగతి చెప్పారు, స్ప్రింగు సంగతి చెప్పారు, దిండు కింద పెట్టుకున్న పెద్దమనిషి కథ చెప్పి అందరినీ నవ్వించారు. పిడి అడుగు తిప్పి చూపించారు. మేగజైన్ లేదు, ఒట్టి బెజ్జం కనపడింది.

"చూశారుగా, ఖాళీ," అన్నారు.

స్లైడు లాగలేదు. ముందు వరసలో ఒకాయన, పాతవైపోతే ట్రిగ్గరు వదులవుతుందా అని అడిగాడు. అది చెప్పే తొందరలో పడిపోయారు. సేఫ్టీ ఇదిగో అని బొటనవేలితో కిందికి దించి, మంచి పిస్టల్ ట్రిగ్గరు చప్పుడు ఎలా ఉంటుందో వినండంటూ గుమ్మం వైపు తిప్పి నొక్కారు.

ఆ చప్పుడుకి నా చెవులు దిబ్బెళ్ళు పడ్డాయి. కుర్చీలు పడిపోయాయి, అరుపులు, తొక్కిసలాట. నేను లేచి చూసేసరికి జీవరత్నం గోడకి జారగిలబడి కూర్చుని ఉన్నాడు. పెట్టె ఇంకా గుండెల మీదే ఉంది. దాన్ని పట్టుకున్న ఎడమచేతిలోంచి నెత్తురు చొక్కా మీదికి కారుతోంది. వాడు నొప్పితో అరవలేదు. తప్పు చేసినవాడిలా మా ఆయన వంక చూసి, "అయ్యగారూ," అన్నాడు, అంతే.

మా ఆయన పిస్టల్ చేతిలో పట్టుకుని కొయ్యబారిపోయారు. ఎవరో అడిగారు, ఖాళీ అన్నారు కదండీ అని. దానికి ఆయన నోట్లోంచి వచ్చిన మొదటి మాట, "పెట్టె వాడి చేతిలోనే ఉంది."

వాడు అక్కడ నెత్తురోడుతుంటే ఈయన అన్న మాట అది. నాకు తల కొట్టేసినట్టయింది.

నందిగామలో కట్టు కట్టించి విజయవాడ పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాం. గుండు అరచేతిని తూట్లు పొడిచి, టేకు పెట్టెలో దిగబడి ఆగిపోయిందట. పెట్టె లేకపోతే గుండెలోకి దిగేదన్నారు డాక్టరు. ప్రాణానికి భయం లేదు గానీ రెండు వేళ్ళు మళ్ళీ వంగుతాయో లేదో చెప్పలేమన్నారు. డ్రైవరుకి ఎడమచేయి పోతే గేరు ఎవరు వేస్తారు?

ఆ సాయంత్రమే నందిగామ ఎస్సై భవానీప్రసాద్ ఆసుపత్రికి వచ్చాడు. కుర్రవాడు, మర్యాదగానే మాట్లాడాడు. తూటా ఎలా వచ్చిందండీ అన్నాడు. తూటాలన్నీ మా ఇంట్లో బీరువాలో ఉన్నాయి, నేను ఒక్కటీ తేలేదు, పెట్టె దారి పొడుగునా డ్రైవరు దగ్గరే ఉంది అన్నారు మా ఆయన. అబద్ధమాడుతున్నట్టు నాకనిపించలేదు. తన చేత్తో మేగజైన్ దించారు కాబట్టి తన వల్ల పొరపాటు జరిగే వీలు లేదని గట్టిగా నమ్ముతున్నారు. మరి మీ బీరువాలోంచి తూటా అతని చేతికి ఎలా వస్తుంది, అతను మీ ఇంట్లోకి వస్తూ పోతూ ఉంటాడా అని ఎస్సై అడిగాడు.

"మా ఇంట్లో మనిషేనండీ. అన్ని గదులూ తిరుగుతాడు," అన్నారు.

ఈ మాట మాత్రం అబద్ధం. చెపుతున్నప్పుడు నా వంక చూడలేదు. ఎస్సై తలూపాడు. అలాగైతే లైసెన్సు లేకుండా తూటా దొంగిలించి, పిస్టల్‌లో ఎక్కించి ఆడుకున్నట్టు లెక్క, కట్టు సంగతి తేలగానే అతని మీదే కేసు పెట్టాల్సి వస్తుంది, లోపల వేస్తే ఇప్పట్లో బెయిలు కూడా కష్టం అని చెప్పి వెళ్ళాడు. చెయ్యి పోగొట్టుకున్నవాడు జైలుకి పోవాలి. పేల్చినాయన ఇంటికి పోవచ్చు. ఆ లెక్క ఎక్కడిదో నాకర్థం కాలేదు.

లూర్దమ్మ, అంటే జీవరత్నం పెళ్ళాం, మర్నాడు పొద్దున ఆసుపత్రి వరండాలో నా దగ్గరికొచ్చింది. తిట్టలేదు, ఏడవలేదు. తిట్టినా బాగుండేది.

"అమ్మగారూ, తూటాలు మీ ఇంట్లో ఎక్కడుంటాయో కూడా మా ఆయనకి తెలీదండి," అంది. "చెయ్యి పోతే ఏదో ఒకటి చేసుకుని బతుకుతామండి. దొంగని ముద్రేస్తే ఇంకెవరూ పనివ్వరండి. ఆ ఒక్కమాట మీరు చెప్తే చాలండి."

చూస్తానన్నాను. చూస్తానంటే ఏమిటి అర్థం? సిగ్గుతో చచ్చిపోయాను.

ఇంటికొచ్చి తిన్నగా పూజ గదిలోకి వెళ్ళి బీరువా తీశాను. మేగజైన్‌కి పక్కన సన్నటి బెజ్జాలుంటాయి, లోపల ఎన్ని తూటాలున్నాయో కనపడుతుంది. కింది బెజ్జంలో ఇత్తడి మెరుపు లేదు. ఒకటి తక్కువ. అలా నిలబడి చూస్తుంటే దసరానాటి టకామనే చప్పుడు నా చెవిలో మళ్ళీ వినపడింది. మేగజైన్ నిండా తూటాలుండగా స్లైడు ఆడించారు. ఒకటి గొట్టంలోకెక్కింది. ఆ తర్వాత మేగజైన్ దించేసి ఖాళీ అనుకున్నారు. దసరా నుంచి మార్చి దాకా అమ్మవారి పటం పక్కన ఆ తూటా గొట్టంలో కూర్చునే ఉంది. బీరువా తుడిచినప్పుడల్లా ఆ పెట్టెని నేనే ఇటూ అటూ జరిపాను.

మా ఆయన ముందు మేగజైన్ పెట్టి, దసరా గుర్తుందా అన్నాను. అంతే, ఇంకేమీ చెప్పక్కర్లేకపోయింది. మొహంలో రంగు మారిపోయింది. మేగజైన్‌ని చేతిలో తిప్పి తిప్పి చూశారు. వైద్యం ఖర్చంతా పెట్టుకుంటాను, మంచి వకీలుని పెడతాను, వాడి కుటుంబాన్ని జన్మంతా చూసుకుంటాను అన్నారు.

"అవన్నీ తర్వాత. మీరు చూడలేదని చెప్పండి," అన్నాను.

"పదిమందికి పాఠం చెప్పినవాణ్ణే. నేనే చూసుకోలేదంటే రేపు బజార్లో ఎవడి మొహం చూడను?" అన్నారు.

అత్తగారు పక్కగదిలోంచి విని, పూజ మీద నింద వేస్తే కళ్ళు పోతాయని నా మీదికొచ్చారు. పూజని అనడం లేదు, మనల్ని అంటున్నానని నేనూ గొంతు పెంచాను. పెళ్ళయ్యాక ఆవిడకి ఎదురు చెప్పడం అదే మొదలు. ఎస్సైకి మీరు చెప్పకపోతే నేను చెప్తానని మా ఆయనతో తేల్చిచెప్పాను. రెండ్రోజులాగమన్నారు. కొట్టుకి పోలేదు.

ఆ రెండ్రోజులూ గడవకముందే ఎస్సై జీపు మా గేటు ముందు ఆగింది. జీవరత్నాన్ని ఆసుపత్రి నుంచి పంపించారట. వాణ్ణీ, ఒక కానిస్టేబుల్‌నీ వెంటబెట్టుకుని వచ్చాడు. మెడలోంచి వేలాడే గుడ్డలో చెయ్యి, చేతి చివర బూరెలా లావుపాటి కట్టు. వాడు మెట్ల కింద చెప్పులు విడిచి, అలవాటుగా వరండా స్తంభం దగ్గరికెళ్ళి నిలబడ్డాడు. మా ఆయన హాల్లో కుర్చీలోంచి లేవలేదు. లేవలేకపోయారు.

తూటా ఎక్కడ్నుంచి తీశావో చూపించు, నడువు అన్నాడు ఎస్సై. ఏ గదో నాకు తెలీదు సార్ అన్నాడు జీవరత్నం. అన్ని గదులూ తిరిగేవాడివి, నాటకాలాడకు అన్నాడు ఎస్సై, భుజం మీద చెయ్యి వేసి ముందుకు తోశాడు. జీవరత్నం నా వంక చూశాడు. నేను చెప్పడానికి అడుగు ముందుకేశాను. వాడి కాలు గడప మీదికి లేచింది.

"అక్కడే ఆగు జీవరత్నం. లోపల పూజ గది," అన్నారు అత్తగారు.

ఆలోచించి అన్నమాట కాదు. ఎవరైనా మడిబట్ట మీదికి రాబోతే ఎలా అంటారో అలాగే అన్నారు. జీవరత్నం కాలు టక్కున వెనక్కి తీసుకున్నాడు. వాడూ ఆలోచించలేదు.

ఎస్సై వాడి కాలి వంక చూశాడు, అత్తగారి వంక చూశాడు, తర్వాత మా ఆయన వైపు తిరిగాడు.

"ఇంట్లో మనిషన్నారు కదండీ రావుగారూ?"

ఎస్సై అత్తగారిని, ఇతను ఎన్నాళ్ళుగా పనిచేస్తున్నాడమ్మా, లోపలికి ఎప్పుడైనా వచ్చాడా అని అడిగాడు. ఆవిడకి ఆ ప్రశ్నే వింతగా తోచింది.

"లోపలికెందుకొస్తాడు నాయనా?" అన్నారు. "కారొచ్చిన కాణ్ణుంచీ చేస్తున్నాడు. ఒక్కనాడూ గడప తొక్కి ఎరగడు. అంత బుద్ధిమంతుడు."

వాణ్ణి మెచ్చుకుంటూనే అన్నారావిడ. వాడు స్తంభం పక్కన తల వంచుకుని వింటున్నాడు. వాడి తరఫున మేము చెప్పగలిగిన సాక్ష్యం అదొక్కటే. ఆ సాక్ష్యం విన్నాక నాకు వాడి మొహం చూసే ధైర్యం లేకపోయింది. వాడిని గడప అవతల నిలబెట్టిన మడి నాది కాదని ఇన్నాళ్ళూ అనుకున్నాను. కాఫీ గ్లాసు ఆ అవతలికి పంపింది మాత్రం నేనే.

ఎస్సై ప్లాస్టిక్ కవర్లోంచి ఇత్తడి గొట్టం తీసి చూపించాడు. హాల్లో కుర్చీల కింద దొరికిన పేలిన తూటాది. దాని అడుగున ఎర్రటి మరక ఉంది. జీవరత్నం నెత్తురే అంటిందనుకున్నాట్ట.

"నెత్తురు కాదు బాబూ, కుంకుమ. దసరాకి మా అత్తగారు పెట్టిన బొట్టు," అన్నాను. లోపలికెళ్ళి మేగజైన్ తెచ్చాను. ఎస్సై చేత్తోనే ఒక తూటా తీయించాను. అడుగున అదే కుంకుమ, ఒంటిమీద ఎండిన పసుపు. ఈ బీరువా తాళం నా బొడ్లోంచి బయటికి పోదని, ఈ గదిలోకి ఇతను రాలేదని, మేము రానివ్వలేదని చెప్పాను.

అప్పుడు లేచారు మా ఆయన. గడప దాకా వచ్చి తలుపు పట్టుకుని నిలబడ్డారు.

"దసరానాడు స్లైడు ఆడించింది నేనేనండి," అన్నారు. "తూటా గొట్టంలోకి ఎక్కించింది నేనే. చూడలేదు. చూడకుండా ఖాళీ అన్నాను. అతను అన్ని గదులూ తిరుగుతాడని మీతో చెప్పింది కూడా అబద్ధం."

ఎస్సై అంతా రాసుకున్నాడు. పిస్టల్ ఎలాగూ వాళ్ళ దగ్గరే ఉంది, మేగజైన్ కూడా తీసుకున్నాడు. లైసెన్సు సంగతి పైవాళ్ళు చూస్తారు, కేసు మాత్రం మీ మీద కట్టాలి, రేపు స్టేషన్‌కి రండి అని మా ఆయనతో చెప్పి, జీవరత్నం ఇక వెళ్ళొచ్చన్నాడు. జీపు వెళ్ళిపోయింది. అత్తగారు ఏం జరిగిందో సగం అర్థమై సగం కాక, పూజ గది గుమ్మంలో కూలబడ్డారు. తన నోటి మాటే కొడుకుని పట్టించిందని ఆవిడకి మెల్లమెల్లగా తెలుస్తోంది.

జీవరత్నం ఇంకా స్తంభం దగ్గరే ఉన్నాడు. మా ఆయన కళ్ళు తుడుచుకుని, తలుపు వారగా జరిగి దారిచ్చారు.

"లోపలికి రా జీవరత్నం. వచ్చి కూర్చో," అన్నారు.

అత్తగారు తలెత్తి చూశారు. నేను కుర్చీ ముందుకు జరిపాను. జీవరత్నం గడప వంక ఒకసారి చూశాడు. కోపం లేదు వాడి గొంతులో. అదే నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

"వద్దండయ్యగారూ," అన్నాడు. "లోపలికి రాలేదు కాబట్టే ఇవాళ బయటపడ్డానండి. ఇప్పుడొస్తే, రేపు ఇంకేదన్నా పోతే నాకు సాక్ష్యం ఉండదండి."

మా ఆయన ఆ తలుపు పట్టుకునే ఉండిపోయారు. వాడు మెట్లు దిగి, చెప్పులేసుకుని, కట్టు కట్టిన చేతిని గుండెకి ఆనించుకుని నడిచాడు. నేను వెనకాలే వెళ్ళాను. ఏం చెప్పాలో తెలియక, వాడి కంటే ముందుగా పోయి గేటు తీసి పట్టుకున్నాను.